చిన్నత్త చెప్పి పంపిన మాట

కొన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. మోస్తున్నానని ఎవరికీ తెలియదు. చూసేవాళ్లకు నేను గద్వాల కోటలో చెన్నకేశవస్వామి గుడి ముందు పూలమ్ముకునే మామూలు ఆడదాన్ని. మంచాన పడ్డ అత్తను కన్నకూతురిలా చూసుకుందని మా వాడలో నాకు మంచి పేరుంది. ఆ పేరు ఎవరైనా ఎత్తితే అక్కడి నుంచి లేచిపోవాలనిపిస్తుంది. మా ఆయనకు చెబుదామని ఎన్నోసార్లు నోరు తెరిచాను. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగి ఊరుకున్నాను. మీకు నేను తెలియదు. నాకు మీరు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మా అత్త పేరు నర్సమ్మ. నేను బిజినేపల్లి నుంచి కోడలిగా వచ్చేనాటికే ఆమె గుడి ముందు పూలమ్ముతోంది. కోట బయట పాత దర్గా దగ్గర ఖాసింబీ అనే ఆమె గులాబీలు, సమాధి మీద కప్పే పూల చాదర్లు అమ్మేది. గుడి నుంచి దర్గాకు పెద్ద దూరమేం కాదు. కోట గుమ్మం దాటి, గాజుల దుకాణాల పక్కనుంచి పోయి, చాయ్ హోటల్ దగ్గర మలుపు తిరిగితే దర్గా మీది పచ్చజెండా కనబడుతుంది. తెల్లారి ఇద్దరూ కలిసే మార్కెట్‌కు పోయి పూలు తెచ్చుకునేవాళ్లు. శనివారం గుడికి జనం ఎక్కువ, ఆ రోజు ఖాసింబీ ఇక్కడికొచ్చి దండలు అల్లేది. గురువారం దర్గాకు జనం, ఆ రోజు అత్త అక్కడికి పోయేది. ఖాసింబీ మా అత్తను అక్కా అని పిలిచేది కాబట్టి నేను ఆమెను చిన్నత్తా అనేదాన్ని.

ఒక వానాకాలం, గురువారం నాడు, అత్త పూలగంపతో దర్గా మెట్ల మీద జారిపడింది. తుంటి విరిగింది. కర్నూలు దవాఖానలో ఆపరేషన్ చేయించాం. ఇంటికి తెచ్చుకున్నాం గానీ మళ్లీ నడవలేదు. చిన్నత్త రోజూ వచ్చి మంచం పక్కన కూర్చునేది. అత్తకు ఒకరోజు నొప్పి ఎక్కువైంది. ఆ నొప్పిలో అనేసింది.

"నువ్వు పిలువకుంటే నేనెందుకొస్తుంటి? నీ మూలంగనే నా కాలు పోయింది."

చిన్నత్త కొంగుతో ముఖం తుడుచుకుని లేచి వెళ్లింది. ఆ తర్వాత రాలేదు.

ఇక్కడి నుంచి నా సంగతి. నన్ను నేను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. ఆ రోజుల్లో నేనెలా ఉన్నానో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. అత్తకు కిందా మీదా అన్నీ నేనే చేసేదాన్ని. తెల్లారకముందే బట్టలు మార్చి, ఒళ్లు తుడిచి, వీపు పుండ్లు పడకుండా పక్కకు తిప్పి, తర్వాత వచ్చి గుడి ముందు ఆమె చోట్లో కూర్చునేదాన్ని. మా అమ్మకు జ్వరమని కబురొస్తే పోలేకపోయాను. ఇంత చేసినా అత్త నోటి నుంచి ఒక మంచి మాట రాలేదు. నేనల్లిన దండ చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "ఖాసింబీ చెయ్యి వేరే" అనేది. నేను నీళ్లు తాగిస్తుంటే ఆమె చూపు వాకిలి మీద ఉండేది. చిన్నత్త కోసం. ఆ చూపు నాకు ముల్లులా గుచ్చుకునేది. ఒక ముసలామె స్నేహాన్ని చూసి నేను కుళ్లుకున్నాను. ఇంత చిన్న మాట ఒప్పుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఒక గురువారం అత్త నన్ను దగ్గరికి పిలిచింది. "జర దర్గా దాక పోయి రా. అడ్డమైన మాట అన్న. మనసుల ఏం పెట్టుకోవద్దన్నదని చెప్పు. ఒక్కసారి రమ్మను" అంది. అడగడం చేతకాని మనిషి. అడిగింది.

నేను వెళ్లాను. నిజంగా చెప్పడానికే వెళ్లాను. దారిపొడుగునా ఆ మాటలే మనసులో అనుకుంటూ నడిచాను. చిన్నత్త దర్గా ముందు ఒక్కతే కూర్చుని ఉంది. గంపలో పూలు చాలా మిగిలాయి. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుంది. ఆమె అడిగిన మొదటి మాట, "అక్కను మంచిగ చూసుకుంటున్నవా, బిడ్డా?"

అంతే. ఆమె ప్రేమతోనే అడిగింది. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం నా ఒళ్లు మండిపోయింది. ఇంత చేస్తున్నదాన్ని నేనైతే, లెక్క అడగడానికి ఈమె ఎవరు?

"అక్క ఏమన్న చెప్పి పంపిందా?" అని అడిగింది.

"లేదు" అన్నాను.

ఆమె గులాబీల మీద నీళ్లు చల్లింది. తర్వాత తనే చెప్పింది. "నాకేం కోపం లేదని చెప్పు, బిడ్డా. అక్క గట్ల మంచంల ఉంటె చూడలేకనే రాలే. రేపు పొద్దుగాల నా బిడ్డ వచ్చి నన్ను రాయచూరుకు తోల్కపోతుంది. ఇగ ఆడనే ఉంటనేమో. పోయేలోపల అక్కను ఒక్కసారి చూస్త. రావాల్నా వద్దా అడిగి జర కబురు పంపు."

సరే అన్నాను. తిరిగి వచ్చేటప్పుడు కోపం కొంచెం చల్లారింది కూడా. చాయ్ హోటల్ మలుపు దగ్గర, పోనీలే చెప్పేద్దాం అనుకున్నాను. కోట గుమ్మం దాటేటప్పటికి వద్దనుకున్నాను. ఆ కాస్త నడకలో ఎన్నిసార్లు మనసు మార్చుకున్నానో. ఇంట్లో అడుగు పెట్టగానే అత్త మోచేతి మీద లేవడానికి ప్రయత్నించింది. రోజూ నేను పట్టి లేపితే తప్ప లేవని మనిషి.

"ఏమన్నది?"

ఆ ముఖం మీది ఆశ చూశాను. నా కోసం ఎన్నడూ అలా లేవలేదు.

"ఏమనలే" అన్నాను.

అత్త మెల్లగా దిండు మీదికి ఒరిగింది. ఆ సాయంత్రమంతా నా చేతిలోనే ఉంది. రాత్రీ ఉంది. ఇంకోసారి దర్గాకు పోయి చిన్నత్తను వెంట పెట్టుకుని వస్తే సరిపోయేది. అన్నం వండాను. గిన్నెలు తోమాను. తెల్లారింది. రాయచూరు బస్సు వెళ్లిపోయింది.

చిన్నత్త ఊరు వదిలి వెళ్లిందని పూల మార్కెట్ వాళ్లు చెబితే అత్తకు తెలిసింది. "చెప్పకుండ పాయె" అంది. కొన్నాళ్లకు, ఆమె కూతురి ఫోన్ నంబర్ దొరుకుతుందేమో దర్గాలో అడగమంది. "అడిగిన, ఎవరికీ తెల్వదట" అని చెప్పాను. నేను అడగనే లేదు. మొదటిది కోపంలో చేశానని అనుకోవచ్చు. మరి ఇది? ఇది భయంతో. ఇద్దరూ మాట్లాడుకుంటే నా సంగతి బయటపడుతుందని. కోపం ఒక్క రోజుదే. భయం అత్త పోయేదాకా నాతోనే ఉంది.

ఆ చలికాలంలో అత్త పోయింది. చివరి రోజుల్లో వాకిలి వైపు చూడడం కూడా మానేసింది. ఒకసారి నేను గంజి తాగిస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "నువ్వన్న ఉన్నవు" అంది. ఇన్నేళ్లూ ఆ ఒక్క మాట కోసం కాచుకున్నాను. దొరికింది. ఎలా దొరికిందో నాకు తెలుసు.

మొన్న దర్గా ఉరుసుకు చిన్నత్త వచ్చింది. కూతురిని జాతరలో వదిలి, కర్ర పట్టుకుని, దారి అడుగుతూ గుడి దాకా వచ్చింది. చూపు సరిగ్గా ఆనడం లేదు. అత్త పోయిన సంగతి అక్కడ నా నోటి నుంచే విన్నది. గోడకు ఆనుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత అడిగింది.

"నా మాట చెప్పినవా, బిడ్డా?"

చెప్పలేదు అనడానికి దేవుడే ఇచ్చిన అవకాశం. గుడి ముందు కూర్చుని ఉన్నాను.

"చెప్పిన, చిన్నత్తా."

"ఏమన్నది మరి?"

"అడ్డమైన మాట అన్న, మనసుల ఏం పెట్టుకోవద్దన్నదని చెప్పుమన్నది. నేను మళ్లొచ్చే వరకు నువ్వు బస్సెక్కినవు."

అత్త మాట అది. అక్షరం మార్చలేదు. నేను చేర్చిందంతా అబద్ధం. చిన్నత్త ముఖం విప్పారింది. "నాకెరుకనే, అక్క మనసుల ఏం ఉండదని" అంటూ నా తల నిమిరింది. దర్గా దాకా తోడు రమ్మంది. పూలగంప పక్కామెకు అప్పగించి, ఆమె చెయ్యి పట్టుకుని బయల్దేరాను. ఉరుసు జనంలో మెల్లగా నడిచాం. దారి పొడుగునా ఆమె మా అత్త ముచ్చట్లే చెప్పింది, నవ్వింది. చెప్పెయ్, ఇప్పుడే చెప్పెయ్ అని లోపల ఒకటే పోరు. దర్గా మెట్లెక్కేటప్పుడు, "నీ అసొంటి కోడలు దొరకాలంటె అదృష్టముండాలె" అని, నా కోసం దువా చేస్తానని లోపలికి పోయింది. నేను కిందనే నిలబడ్డాను.

చెప్పకపోవడం ఆమె కోసమా? చెబితే ఈ వయసులో ఆ గుండె తట్టుకోదని నిజంగానే అనిపించింది. నా పేరు పోతుందన్న భయం కూడా ఉంది. ఏది ఎక్కువో తేల్చుకోలేకపోతున్నాను. నన్ను క్షమించాల్సిన వాళ్లలో ఒకరు లేరు. ఉన్న ఒకరిని నా అబద్ధంతో సంతోషపెట్టి బస్సెక్కించాను. ఇక అడగడానికి ఎవరూ మిగల్లేదు.

మీరు క్షమించాలని రాయడం లేదు. మీ చేతిలో లేదది. అత్త "ఏమన్నది?" అని అడిగినప్పుడు చిన్నత్త చెప్పి పంపిన మాట నా దగ్గర ఉంది, నేను ఇవ్వలేదు. ఇంతవరకూ ఈ వాక్యం నేను పైకి అనలేదు, మనసులో కూడా పూర్తిగా అనుకోలేదు. ఇప్పుడు రాశాను. ఊపిరి ఆడుతోంది.