కేజీఎఫ్‌లో కృష్ణజింక కనిపించాలంటే ఎక్కడ నిలబడాలి?

మా స్కూల్లో సైన్సు చెప్పే మాస్టారు దసరా సెలవుల్లో కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్ వెళ్లొచ్చి స్టాఫ్ రూములో అందరికీ ఫోను చూపించాడు. తెల్లటి గనిమట్టి దిబ్బ ముందు నల్లని మగ కృష్ణజింక, మెలితిరిగిన కొమ్ములతో తల ఎత్తుకుని నిలబడి ఉంది. "ఆవులు తిరిగినట్టు తిరగతా ఉంటాయి మేడమ్, ఒక్క పూట చాలు" అన్నాడు. నేను పలమనేరులో లెక్కలు చెబుతాను. పిట్టల్నీ జంతువుల్నీ చూడాలని చాలా ఏళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా తిరుగుతున్నాను గానీ, ఆరుబయట కృష్ణజింకను చూసిన పాపాన పోలేదు. ఎక్కడికి వెళ్లినా నాకు దక్కింది "నిన్ననే వచ్చాయండీ" అన్న మాట ఒక్కటే. పక్క జిల్లాలో ఆవుల్లా తిరుగుతున్నాయంటే ఇంకా ఇంట్లో కూర్చోవడం దేనికని, కార్తీకం చివర్లో ఒక ఆదివారం బయలుదేరాను. పనిలో పనిగా కోలారు కొండ, బేతమంగళం చెరువు, గనుల చుట్టుపక్కల బయళ్లు అన్నీ ఒక్క రోజులో చూసేయాలని పథకం. ఆదివారం అన్నదే మొదటి తప్పు. మీరు మాత్రం మామూలు రోజున వెళ్లండి.

తెల్లవారుజామున అయిదింటి బస్సెక్కాను. సరిహద్దు దగ్గర నంగలి దాటాక రోడ్డుకు రెండు వైపులా టమాటా తోటల్లో నెమళ్లు దండిగా ఉంటాయి, కిటికీ పక్క సీటు పట్టుకోవాలి. నేను పట్టుకున్నాను కూడా. కానీ నంగలిలో మా డ్రైవరు కాఫీకి దిగినవాడు దిగినట్టే ఉండిపోయాడు. మళ్లీ బయలుదేరేసరికి బాగా వెలుతురు వచ్చేసింది. ఆ ఆలస్యం పూడ్చుకోవాలని హారను మోగిస్తూ పోయాడు. నెమళ్లు కనిపించాయి, కాదనను. తోటల్లోకి పరిగెత్తే తోకలు కనిపించాయి.

ముళబాగిలులో దిగి కోలారు బస్సు మారాను. కర్ణాటకలో ఆడవాళ్లకు బస్సు ఉచితమని సంబరపడి వెళ్లకండి, ఆ రాష్ట్రం ఆధార్ ఉండాలి. కండక్టరు నా కార్డు చూసి, "ఆంధ్రాదా? దుడ్డు ఇవ్వల్ల మేడమ్" అన్నాడు. బస్సంతా ఆడవాళ్లే, టికెట్టు కొన్నది నేనొక్కదాన్నే. ముప్పావుగంటలో కోలారు చేర్చాడు. బస్టాండు నుంచి అంతరగంగె కొండ కిందికి ఆటో నూట యాభై అడుగుతారు, బేరం ఆడితే వందకు వస్తారు.

అంతరగంగె మెట్లదారి రెండు వైపులా రాళ్ల మధ్య పొదలు, కొంత చెట్ల నీడ, అన్ని కాలాల్లో ఆగని నీటి ధార ఉన్నాయి. పిట్టలకు ఇంతకన్నా మంచి చోటు జిల్లాలో లేదని చదివాను. ఉండవచ్చు. నేను వెళ్లేసరికి ఎనిమిదిన్నర దాటింది, నా ముందు ఒక కాలేజీ గుంపు మెడలో వేలాడే స్పీకరుతో పాటలు పెట్టుకుని ఎక్కుతోంది. బండ చాటున పిట్ట కదిలిందని బైనాక్యులర్ ఎత్తితే, వెనకనుంచి కోతి వచ్చి నా సంచిలో ఇడ్లీ పొట్లం లాక్కుపోయింది. ఎదురుగా బండ మీద కూర్చుని, ఆకు విప్పి, చట్నీ పక్కన పెట్టి, ఇడ్లీలు మాత్రం తింది. పళ్లు నూరుకోవడం తప్ప ఏం చేయగలను? బుల్‌బుల్ పిట్టలు, ఒక పసిరిక పిట్ట, పైన తిరిగే గద్దలు, అంతే నాకు దక్కినవి. ఆరున్నరకల్లా మెట్ల దగ్గర ఉండగలిగితేనే వెళ్లండి. తినేవేవీ సంచిలో పెట్టుకోకండి.

కోలారు నుంచి బంగారుపేట మీదుగా కేజీఎఫ్‌కు బస్సులో గంట పైనే పడుతుంది. రాబర్ట్‌సన్‌పేట బస్టాండులో నాకు జోసెఫ్ దొరికాడు. నలభై ఏళ్ల ఆటో డ్రైవరు, చాంపియన్ రీఫ్స్ గని కూలీల లైన్ ఇళ్లలో పుట్టి పెరిగినవాడు. సాయంత్రం దాకా తిప్పడానికి తొమ్మిది వందలకు ఒప్పుకున్నాడు. జింకల సంగతి అడిగితే, "అది నాకు వదిలేయండక్కా. నిన్న సందేళ గూడా చూసినాను, ప్రామిస్" అన్నాడు. ఆ 'నిన్న' అన్న మాట వినగానే నాకు సగం ఉత్సాహం చచ్చిపోయింది.

ముందు బేతమంగళం చెరువుకు పోనిచ్చాడు. ఇది మాత్రం నిజంగా వెళ్లదగ్గ చోటు. పాలారు నీళ్లు నిలిచే పెద్ద చెరువు, కట్ట మీద నడుచుకుంటూ పోతే నీటికాకులు రెక్కలారబెట్టుకుంటూ కనిపించాయి. అంచుల్లో నత్తగుల్ల కొంగలు, నడి చెరువులో బొల్లికోళ్లు, వాటికి దూరంగా నాలుగు గూడబాతులు. కొంత కుదుటపడి పిట్టల పుస్తకం తెరిచి చూసుకుంటున్నాను, అంతలో కట్ట మీదికి కారు వచ్చింది. పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే జంట. అమ్మాయి గౌను వెనక మనిషి మోయాల్సినంత పొడుగు. ఫొటోగ్రాఫరు నా దగ్గరికి వచ్చి, "మేడమ్, స్వల్ప సైడుకు రాండి, ఫ్రేములో పడతా ఉండారు" అన్నాడు. జరిగాను. డ్రోను పైకి లేపాడు. చెరువు మీద ఉన్న ప్రతి రెక్కా ఒక్కసారి లేచి అవతలి ఒడ్డుకు పోయింది. అతను పరమానందంగా ఫోనులో చూసుకుని, మళ్లీ నా దగ్గరికే వచ్చాడు.

"మేడమ్, మీకు పిట్టల గురించి తెలిసినట్టుండాదే. అవి మళ్లీ ఇట్లనే ఎగరల్లంటే ఏం చేయల్ల?"

"మీరు ఇంటికి పోవల్ల" అన్నాను. అతను నవ్వాడు. నేను నవ్వలేదు.

మూడు గంటలకు మళ్లీ కేజీఎఫ్‌కు వచ్చి పడ్డాం. చాంపియన్ రీఫ్స్‌లో మూతపడిన గని షాఫ్టుల మీద ఇనుప గోపురాలు ఇంకా నిలబడే ఉన్నాయి, వాటి మీద గద్దలు కూర్చుని ఉంటాయి. పక్కనే సయనైడు దిబ్బలు, బంగారం తీసేశాక మిగిలిన పిండిమట్టి గుట్టలు. గాలి లేస్తే కళ్లలో పడుతుంది, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, ఎక్కే పని పెట్టుకోకూడదు. వాటి చుట్టూ ఉన్న గడ్డి బయళ్లలో, నీలగిరి తోపుల అంచుల్లో జింకలు ఉంటాయి. జోసెఫ్ నన్ను ఒక దిబ్బ వెనక్కి తీసుకెళ్లాడు, లేవు. ఇంకో తోపు పక్కకు తీసుకెళ్లాడు, లేవు. మేకలు ఉన్నాయి.

"ఈడనే ఉండెనే అక్కా! నిన్న ఇదే టైముకు..."

"జోసెఫ్, నిన్న అన్న మాట ఇంగ నా దగ్గర అనొద్దు" అన్నాను.

పాపం, అతను నొచ్చుకున్నట్టే ఉన్నాడు. మారికుప్పం వైపు మట్టిదారిలో కొంతదూరం పోనిచ్చి, రాగి చేల పక్కన ఆపాడు. "ఇది లాస్టు జాగా అక్కా. గమ్మున నిలబడితే తప్పకుండా వస్తాయి. మా అమ్మను చర్చికి దింపల్ల, ఆరింటికి వచ్చి మిమ్మల్ని తీసుకుపోతాను" అని నన్ను అక్కడ దింపి వెళ్లిపోయాడు. నాలుగున్నర అయింది. ఎదురుగా ఖాళీ బయలు, దాని అవతల నీలగిరి తోపు. పొద్దున్నుంచి తిరిగి నేను సంపాదించుకున్నది కాళ్లనొప్పి ఒక్కటే. సైన్సు మాస్టారు ఆవుల్లా తిరుగుతాయన్నవి ఆవులేనేమోనని అనుమానం వచ్చింది.

"ఏమ్మా, సైట్లు చూసేదానికి వచ్చినావా? ఈ నేల అమ్మేది లేదు."

చేల మధ్యనుంచి అరవై దాటిన ఒకామె కొడవలి పట్టుకుని వస్తోంది. పేరు మునెమ్మ అని తర్వాత చెప్పింది.

"లేదమ్మా. జింకలు చూద్దామని వచ్చినాను."

"జింకలు చూసేదానికా!" ఆమె నన్నూ నా బైనాక్యులర్‌నూ ఎగాదిగా చూసింది. "ఇట్ల రా, చూపిస్తాను."

చూపించింది జింకల్ని కాదు. రాగిలో సాళ్ల మధ్య అనప వేసింది. అందులో సగం చేనులో పూతా లేదు, పిందే లేదు, తీగలన్నీ కొసలు కొరికేసి మోడులై ఉన్నాయి. మట్టిలో గిట్టల గుర్తులు. "ఇదో, ఇదే జింక. పోయిన వారం ఒక్క సందేళ ఈ సగం అయిపోయినాది. ఇంగ ఉండేది ఆ సగమే. రాగి మా తిండికి. అనపకాయ అమ్ముకుంటేనే చేతిలోకి దుడ్డు వచ్చేది."

మిగిలిన సగం పచ్చగా, కాయ పట్టి ఉంది. ఆమె భర్తకు బెంగళూరులో సెక్యూరిటీ పని. తెల్లవారి మారికుప్పంలో రైలెక్కితే రాత్రికే ఇల్లు, ఆదివారం కూడా సెలవు లేదు. పక్క చేనువాళ్లు ఉంటే వాళ్లే ఇటూ ఒక కన్నేసి ఉంచేవాళ్లట. వాళ్లు పెళ్లికి వెళ్లి అప్పటికి వారమైంది, రావడానికి ఇంకా రెండు మూడు రోజులు పడుతుంది.

"సందేళ డైరీలో పాలు పొయ్యల్ల. ఆ వ్యాను ఎవురి కోసమూ నిలవదు. పాలకు పోతే ఇవి వస్తాయి, ఈడ కూసుంటే పాలు ఇంట్లోనే ఇరిగిపోతాయి. కొట్టేదానికి లేదు, పట్టేదానికి లేదు. ఏం చేసేదమ్మా?" అని, గట్టు మీద బోర్లించి ఉన్న సొట్టల స్టీలు పళ్లెం, ఒక కట్టె తీసి నా చేతికిచ్చింది. "నువ్వు ఎట్లా ఈడనే నిలబడేదే గదా. నేను వచ్చేంతవరకు రవంత చూసుకో. వచ్చినాయంటే ఈ తట్ట కొట్టు."

ఆమె రెండడుగులు వేసి, మళ్లీ తిరిగింది. "గట్టు దాటక ముందే కొట్టల్ల. లోపలికి వచ్చినాక కొడితే బెదిరి చేనంతా తొక్కతాయి. తినింది కన్నా తొక్కిందే ఎక్కువైపోతాది." తల ఊపాను. ఆమె బిరబిరా ఊరి వైపు వెళ్లిపోయింది.

ఒళ్లు మండిపోయింది. రోజంతా డబ్బు పోసి, కోతితో, డ్రోనుతో, జోసెఫ్ 'నిన్న'తో వేగి, చివరికి జింకల్ని తరిమే ఉద్యోగంలో చేరానా? రాకపోతే బాగుండు అనుకున్నాను. మరుక్షణమే రావాలనీ అనుకున్నాను. రెండూ ఒకే మనసులో ఎలా పట్టాయో నాకే తెలియదు.

పొద్దు దిగుతుండగా తోపు అంచున ఏదో కదిలింది. ఇసుక రంగు ఆడజింకలు, అయిదో ఆరో. తలలు దించి గడ్డి కొరుకుతూ, ఆగుతూ, చెవులు తిప్పుతూ బయల్లోకి వచ్చాయి. వాటి వెనక మగది. నలుపు అంటే అంత నలుపు, పొట్ట కింద అంత తెలుపు. బైనాక్యులర్‌లో కొమ్ముల మెలికలు స్పష్టంగా తెలియలేదు, కొంత దూరం ఎక్కువ. ఇంకొంచెం దగ్గరికి వస్తే కళ్లు కూడా కనిపిస్తాయి. వస్తూనే ఉన్నాయి, నేరుగా పచ్చగా ఉన్న సగం వైపే. ఇంకొక్క నిమిషం, గట్టు ఇంకా దూరమే కదా అనుకున్నాను. ముందున్న ఆడజింక తల ఎత్తి అనప వాసన పట్టి, ఉన్నట్టుండి నడక పెంచింది. గట్టుకు ఇవతల నేను, అవతల అది.

బైనాక్యులర్ వదిలేసి పళ్లెం కొట్టాను. చెయ్యి నొప్పి పుట్టేదాకా, "హోయ్ హోయ్" అని గొంతు పోయేదాకా కొట్టాను. అన్నీ ఒక్కసారి గాలిలోకి లేచాయి. మగది ఎంత ఎత్తుకు ఎగిరిందంటే దాని కింద బయలంతా కనిపించింది. మూడు నాలుగు గంతుల్లో తోపులో కలిసిపోయాయి. ఫొటో లేదు. ఇన్నేళ్లు ఎదురుచూసింది అర నిమిషంలో అయిపోయింది, అదీ నా చేత్తోనే. ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

మునెమ్మ ఖాళీ క్యాను ఊపుకుంటూ పరుగులాంటి నడకతో వచ్చింది. శబ్దం ఊరి దాకా వినబడిందట.

"వచ్చినాయా?"

"వచ్చినాయమ్మా."

"దాటినాయా?"

"లేదు."

నా మాటతో సరిపెట్టుకోకుండా గట్టు వెంబడి వంగి చూసుకుంటూ ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచింది. తిరిగొచ్చి పళ్లెం తీసుకుని, "పాలూ పోసినాను, చేనూ నిలిచినాది. ఒకే సందేళ రెండూ అయి వారమైపోయినాది" అంది. దూరంగా జోసెఫ్ ఆటో హారను వినిపించింది. ఆమె గుప్పెడు అనపకాయలు కోసి నా సంచిలో వేస్తూ, మామూలుగానే అడిగింది: "రేపు గూడా రారాదామ్మా? పాలకు పోయి వచ్చేంతసేపే."

రేపు స్కూలు ఉందని చెప్పాను. "అవును గదా" అంది, అంతే. ఆటోలో జోసెఫ్ "కనిపించినాయా అక్కా? నేను చెప్పలా!" అని మారికుప్పం స్టేషన్ దాకా సంబరపడుతూనే ఉన్నాడు. అతని మీద కోపం కూడా రాలేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చి అనపకాయలు వలిచాను, జిగురు వాసన సోమవారం క్లాసులో కూడా చేతులకు ఉంది. చివరి పీరియడ్ గంట కొట్టాక స్టాఫ్ రూములో సైన్సు మాస్టారు "ఏం మేడమ్, చూశారా?" అన్నాడు. చూశానన్నాను. ఎలా ఉన్నాయని అడిగితే బదులు చెప్పబుద్ధి కాలేదు. గోడ గడియారం అయిదు వైపు జరుగుతోంది. అక్కడ ఈపాటికి మునెమ్మ పాలు తీసుకుని వెళ్లిందో, చేను దగ్గరే కూర్చుందో.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట చెబుతాను. దిబ్బల చుట్టూ మధ్యాహ్నమంతా నాలాగా తిరగకండి. నాలుగున్నరకల్లా మారికుప్పం వైపు చేల దగ్గరికి చేరి, గట్టు మీద ఎవరున్నారో చూసి, అడిగి నిలబడండి. పళ్లెం చేతికిస్తే తీసుకోండి. జింకలు తోపులోంచి బయటికి వచ్చే వేళా అదే, చేను దగ్గర మనిషి లేని వేళా అదే.