పెద్దనాన్న కాలికి కట్టిన మడిగుడ్డ

ఇంగ్లండు వైద్యులు కనిపెట్టిన, పుండు కుళ్లనివ్వని కార్బాలిక్ నీళ్లు రాజమండ్రి ఆసుపత్రికి కొత్తగా వచ్చిన రోజులవి. డాక్టరు మా పెద్దనాన్న కాలి పుండును ఆ నీళ్లతో కడిగి, కంపౌండరు వాటిలోనే తడిపి ఇచ్చిన గుడ్డతో కట్టు కట్టాడు. "ఇది నేనే విప్పాలి. మీరు విప్పితే కుళ్లు పట్టి కాలు దక్కదు" అని మరీ మరీ చెప్పి పంపాడు.

పెద్దమ్మ మమ్మల్ని గుమ్మంలోనే ఆపింది. "ఆ గుడ్డ కంపౌండరు ముట్టుకున్నదే కదండీ. దాంతో దేవతార్చనకెలా కూర్చుంటారు?"

"విప్పితే కాలు పోతుందట పెద్దమ్మా" అన్నాను.

"ఏ గుడ్డ కట్టారో పుండుకేం తెలుస్తుందిరా?" అని నవ్వారు పెద్దనాన్న. సభల్లో శాస్త్రాలు వల్లించి అందరి నోళ్లూ మూయించే పండితుడాయన. ఆ కట్టు విప్పి పారేసి, కాలువలో తడిపి దండెం మీద ఆరేసిన మడిగుడ్డ పుండుకు కట్టుకున్నారు. ఎగువ ఊరివాళ్లు గేదెలను కడిగేది ఆ కాలువలోనే.

కొద్దిరోజులకే కాలు నల్లబడింది. అదే ఆసుపత్రిలో మత్తుమందు ఇచ్చి మోకాలి కింద కోసేశారు. కట్టు కట్టింది ఆ కంపౌండరే. ఈసారి పెద్దనాన్న దాన్ని విప్పలేదు.

ఇంటికి రాగానే మాత్రం పురోహితుణ్ణి పిలిపించి ప్రాయశ్చిత్తం చేయించుకున్నారు, ఆసుపత్రి మంచం మీద పడుకున్న పాపానికి.