మొసలి ఏ మూటలోది?

మా సైన్సు సార్ ఇక లేరని సోమవారం పొద్దున ఆయన ఉండే గోడాదరా పేట నుంచి ఫోన్ వచ్చింది. ఏడుపొచ్చింది, వెనకే నవ్వూ వచ్చింది. ఆయన్ని తలుచుకుంటే నవ్వకుండా ఉండటం కష్టం.

సూరత్‌లో మగ్గాల మీద బతికే తెలంగాణ వాళ్ల పిల్లలకు తెలుగులో సైన్సు చెప్పిన మనిషి. జేబులో ఎప్పుడూ వేయించిన శనగలు. సరైన జవాబుకు రెండు, తప్పు జవాబుకు ఒకటి, నోరు మూసుకున్నవాడికి సుద్దముక్క దెబ్బ.

ఏడో తరగతిలో జంతువులను గుంపులుగా రాయమన్నారు. నేను మొసలిని కోడి పక్కన రాశాను. అంతకుముందు వారమే జూలో గుడ్లకు కాపలా కాస్తున్న మొసలిని చూశాను. మా గల్లీలో పొదుగుతున్న కోడి కూడా అచ్చం అలాగే మీదికొచ్చేది. సార్ సున్నా చుట్టారు. “పొలుసులున్నయ్, పాకుతది. బల్లి దిక్కు రాయాలె,” అన్నారు. క్లాసంతా నవ్వింది. తప్పు జవాబుకు ఇచ్చే ఆ ఒక్క శనగ కూడా నాకు దక్కలేదు. ఆ తర్వాత బడి చదువు అయిపోయేదాకా, తెలిసిన జవాబు కూడా నేను పైకి చెప్పలేదు.

ఏళ్లు గడిచాయి. నేను సూరత్ శివార్లలోని ఉన్‌లో ట్యూషన్లు చెప్పుకుంటుంటే, రిటైరైన సార్ ఒకరోజు ఆటో దిగి వచ్చారు.

“బిడ్డా, నువ్వు రాసిందే కరెక్టు. మొసలికి బల్లి కన్నా పక్షే దగ్గరి చుట్టమట.”

“పోనీండి సార్, అప్పటి పుస్తకంల గట్లనే ఉండె.”

“పుస్తకం సంగతి ఇడిసిపెట్టు. ఎందుకు రాసినవని నిన్ను అడగకపోతి. గది నా తప్పు.”

అక్కడే కూర్చున్న మా నాన్న వైపు తిరిగారు. కార్ఖానాలో బట్టను తాకాలుగా, అంటే తానులుగా, మడతపెట్టడం నాన్న పని. “మంచి తాకాలు తీసినంక, మిగిలిన ముక్కలన్నీ ఒక్క మూట కడ్తరు గదనే? సరీసృపాలంటే గా మూటే. పక్షులను ముందుగాల తీసి పక్కకు పెట్టిన్రు. పాము, తాబేలు, మొసలి మిగిలినయ్. ఒక్క మూటల ఉంటే ఒక్క తాకా బట్ట అయితదా?”

“ఎందుకైతది సార్!” అని నాన్న నవ్వారు.

ట్యూషన్ పిల్లలందరి ముందు సార్ నా చేతిలో సరిగ్గా రెండు శనగలు పెట్టారు. సిగ్గుపడుతూనే నమిలాను. అంత రుచి నేనెరగను.

నిన్న ట్యూషన్‌లో ఒక పిల్ల తాబేలును నత్త పక్కన రాసింది. పెన్ను ఎత్తినదాన్ని ఆగి, “ఎందుకు రాసినవ్ రా?” అన్నాను. ఆ పిల్ల బడిసంచి వీపున బోర్లించుకుని, చాప మీద మెల్లగా పాకుతూ, మధ్యమధ్య తల లోపలికి లాక్కుంటూ, ఆపకుండా చెబుతూనే ఉంది.