బాగేపల్లిలో పంతొమ్మిది ఎర్ర పిల్లులు

ఆ రోజుల్లో నాకు బేరం తప్ప వేరే విద్య రాదు. చింతామణిలో మా నాయనది కిరాణా అంగడి. అలాంటి నన్ను, చిక్కబళ్ళాపురం కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మేడమ్ పిల్లులు లెక్కపెట్టే పనికి పెట్టుకుంది. (ఇంట్లో మాత్రం "సర్వే" అనే చెప్పాను.) చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి ఊళ్ళల్లో ఇంటింటికీ తిరిగి, ఒక్కో పిల్లికి ఒక్కో ఫారం నింపాలి: నల్లదా ఎర్రదా, చారలున్నాయా, ఆడా మగా, ఎక్కడినుంచి తెచ్చారు. ఒంటి రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది కనుక, ఏ ఊళ్ళో ఏ రంగు ఎక్కువో చూస్తే పిల్లులు ఎటునుంచి ఎటు చేరాయో తెలుస్తుందట.

మొదటి రెండు ఊళ్ళలో నా వాళ్ళున్నారు. బాగేపల్లిలో ఎవరూ లేరు. అద్దె గది, హోటల్ అన్నం. పగలంతా "పిల్లి ఉండాదా అమ్మా?" అని అడగడం, మొహాన తలుపు వేయించుకోవడం. సాయంత్రానికి నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. అలాంటప్పుడు బస్టాండు వెనక బొరుగులమ్మే అవ్వ, మూట మీద పడుకున్న తన ఎర్ర పిల్లి వివరాలన్నీ చెప్పి, "తింటివా అప్పా?" అని అడిగింది. ఆ ఊళ్ళో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే.

మరునాడూ వెళ్ళాను. ఊరికే ఎలా వెళ్ళడం? (పని లేకుండా అంగడి ముందు నిలబడేవాణ్ణి మా నాయన ఎలా చూసేవాడో నాకు తెలుసు.) అందుకని మళ్ళీ ఫారం తీశాను. అదే పిల్లి, ఈసారి తోక వైపు నుంచి ఫొటో. "యాడనుంచి తెచ్చినారవ్వా?" అంటే ఆమె దాని పుట్టుపూర్వోత్తరాలు గంటసేపు చెప్పేది. అలా పంతొమ్మిది రోజులు, పంతొమ్మిది ఫారాలు. ఒకే మనిషి పదిసార్లు అంగడికొస్తే పది బేరాలే కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

ఫారాలు అందగానే మేడమ్ ఫోన్ చేసింది. "బాగేపల్లిలో ఎర్రవి ఇన్ని ఉండాయా! పక్క ఊళ్ళల్లో లేవే! యాడనుంచో వచ్చినట్లే. సెమినార్‌లో ఇదే చెప్తా. రేపు నేనే వచ్చి చూస్తా." ఆమె పరువూ, నా ఉద్యోగమూ రెండూ ఆ బొరుగుల మూట మీద నిద్రపోతున్నాయి.

మరునాడు మేడమ్ అవ్వ అంగడి ముందు నిలబడి అడిగింది: "యాడప్పా మిగతావి?"

"పంతొమ్మిది అంటే... పది పెట్టుకోండి మేడమ్."

"పదా?"

"పోనీ, ఐదు. మీరింత దూరం వచ్చినారని, మూడు."

మేడమ్ పిల్లిని చూసింది, నన్ను చూసింది. "ఒకటేనా?"

"ఒకటే మేడమ్."

"మరి ఇదేందప్పా?" అని ఫారాలు తిరగేసింది. "చాకవేలంట, మండికల్లంట, జంగమకోటంట. ఒక పిల్లి ఎన్ని ఊళ్ళల్లో పుడ్తాది?"

రాసింది నేనే, కానీ ఇన్నాళ్ళూ అవ్వ గొంతు విన్నానే గాని మాట వినలేదు.

అవ్వ కొలత డబ్బా కింద పెట్టింది. "నేనే చెప్పినానమ్మా. రోజూ వచ్చి అడుగుతాండాడు. రోజూ ఒకటే మాట చెప్తే మల్ల వస్తాడా?"

మేడమ్ పద్దెనిమిది ఫారాలు కొట్టేసి, అవ్వ పెట్టిన బొరుగులు నిలబడే తిని, నన్ను సాయంత్రం బస్సుకే చింతామణి పంపింది. (ఉద్యోగం పోలేదు గాని, "ఇంక ఒక పిల్లికి ఒక ఫారమే" అని రెండుసార్లు చెప్పింది.)

ఇప్పటికీ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. కనిపించిన ప్రతిదానికీ బేరమాడేవాడు. "అవ్వా, కాసేపు కూర్చోని పోతా" అని ఊరికే అడిగితే సరిపోయేదని మాత్రం వాడికి తెలియలేదు. ఇప్పుడు తెలుసు. తెలిసి కూడా, ఎవరి గుమ్మం ముందైనా ఏదో ఒక పని చెప్పుకుంటూనే నిలబడతాను.