ఎడమ జేబు బహుమానం

రాజులు పోయారు, రాజ్యాలు పోయాయి, పెనుకొండ కోటగోడల మీద మేకలు తీరిగ్గా మేస్తున్నాయి. ఆదినారాయణ చొక్కా ఎడమ జేబు ఆచారం మాత్రం నలభై ఏళ్లుగా చెక్కుచెదరలేదు. చరిత్రకారులు ఇంతవరకూ దాని జోలికి రాలేదు గనుక ఆ లోటు ఇక్కడ పూడ్చవలసి వస్తోంది.

ఆయన ధర్మవరం–హిందూపురం బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఖాకీ చొక్కాకు రెండు జేబులుండేవి. రిటైరయ్యాక, దర్జీ నవ్వినా లెక్కచేయక, తెల్లచొక్కాలకూ రెండేసి జేబులు కుట్టించుకున్నాడు. కుడి జేబులో టికెట్లకు చిల్లులు పొడిచే పాత పంచ్ ఉంటుంది. ఎడమ జేబులో పిల్లల కోసం ఏదో ఒక తినుబండారం ఉంటుంది. ఈ ఎడమ జేబు చరిత్రను మూడు యుగాలుగా విభజించవచ్చు. మొదటిది పిప్పరమెంటు యుగం. బస్సులో ఏడ్చే పసిపిల్లల నోళ్లు మూయించడమే దాని పరమార్థం. పిప్పరమెంట్లు పళ్లకు చేటని ఎవరో అన్నాక పుట్నాల యుగం మొదలైంది. కొడుకు అనిల్ కుమార్ ఆ యుగంలోనే పెరిగి ఫ్యాక్టరీ ఉద్యోగస్థుడయ్యాడు. మూడోది స్వర్ణయుగం. మనవరాలు దీపికకు నాలుగేళ్లు నిండాయి, జీడిపప్పు వచ్చింది. ఇంట్లోవాళ్లు మాత్రం ఇంకా పుట్నాల యుగమే నడుస్తోందనుకునేవారు. చరిత్రలో ఇలాంటివి మామూలే.

జీడిపప్పు ఊరికే దొరికేది కాదు. నాలుగేళ్ల దీపిక సాయంత్రం వాకిట్లో నిలబడి స్టేజీలు ఒప్పజెప్పాలి. ధర్మవరం, చెన్నేకొత్తపల్లి, పెనుకొండ, సోమందేపల్లి, చాలకూరు, హిందూపురం. ఒక్క ఊరు తప్పినా బస్సు రద్దు. సాధారణంగా చాలకూరును మింగేసేది. పూర్తిగా చెప్పిననాడు సగం బద్ద బహుమానం. ఈ రెండు నెలల్లో ఆ పాప క్షేమంగా హిందూపురం చేరింది మూడేసార్లు.

ఆ మూడుసార్లూ అరగంటలోపే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. మూడోసారి పెదవి ఉబ్బి, రెండు వాంతులై, ఆసుపత్రికి ఎత్తుకుని పరుగెత్తి ఇంజెక్షన్ వేయించవలసి వచ్చింది.

"దిష్టి," అని తేల్చేసింది ఆదినారాయణ భార్య యల్లక్క. "ఊర్ల పేర్లు గడగడా చెప్తాంటే వీధంతా నోరు తెరుచుకుని చూస్తాండారు. అన్నీ చెప్పిననాడే వస్తాండాది గదా? చెప్పకుంటే రాదు."

న్యాయంగా మాట్లాడితే, ఆమె గమనించింది అక్షరాలా నిజం. శాస్త్రజ్ఞులకు ఆ మాత్రం పరిశీలన దొరికినా పొంగిపోతారు. ఆమె మాత్రం అక్కడ ఆగకుండా ఉప్పు, మిరపకాయలు తెచ్చి దిగదుడిచింది.

"దిష్టి కాదత్తా, తిండి," అంది కోడలు కల్పన. "ఏదో పడడంలేదు పాపకు. అదేందో తెలిసేదాకా నేను బడికి పంపను. ఆడ ఎవురేం పెడ్తారో మనకేం తెల్సు?"

జూన్‌లో దీపిక ఎల్‌కేజీలో చేరాలి. యూనిఫారం కుట్టించి బీరువాలో పెట్టారు. అది అక్కడే ఉండిపోయేలా కనిపించింది. అందరి గుండెల్లోనూ ఒకటే భయం. అది చెనిక్కాయ, అంటే వేరుశనగ, అయితే? చట్నీలో చెనిక్కాయ, బొరుగుల ఉగ్గానిలో చెనిక్కాయ, పొడిలో, నూనెలో చెనిక్కాయ.

"చెనిక్కాయ పడకుంటే ఈ జిల్లాలో గాలి కూడా పడదు," అన్నాడు అనిల్ కుమార్, షిఫ్టుకు పోతూ.

హిందూపురం డాక్టరమ్మ శోభారాణి అలర్జీ పరీక్ష చేస్తానంది. ఈలోగా పాప తిన్నదల్లా ఒక పుస్తకంలో రాయమంది. ఆ పుస్తకం బాధ్యత ఆదినారాయణ స్వీకరించాడు. స్వీకరించడమే కాదు, గడిచిపోయిన రోజుల మీద కూడా విచారణ ప్రారంభించాడు. మొదటి సమన్లు పక్కింటి మాబున్నీకి వెళ్లాయి.

"ఏం మాబున్నీ, ఆ వాంతులైన రోజు పాపకు ఏం పెడ్తివి?"

"సేమియా పెడ్తినన్నా, రెండు గరిటెలు. ఇంటికొచ్చిన బిడ్డను ఉత్త నోటితో ఎట్ల పంపేది?"

"అందులో ఏమేం ఏస్తివి? దాచొద్దు."

"దాచేదానికి అదేమన్నా బంగారమా? రామగిరి గనుల్లోనే అయిపాయె బంగారం! పాలు, చక్కెర, సేమియా. రాసుకో. అవునన్నా, సాయంత్రంపూట నీ జేబులోంచి తీసి పెడ్తావే, అది రాస్తివా?"

"అది తిండి కాదు," అన్నాడు ఆదినారాయణ గంభీరంగా. "అది ప్రైజు."

ఆయన అబద్ధమాడలేదు. తిండి వేరు, బహుమానం వేరు అని మనస్ఫూర్తిగా నమ్మాడు. సభలో కప్పిన శాలువను ఎవరైనా చలికోటు అంటారా? అందుచేత ఆ పుస్తకంలో వీధిలోని ప్రతి ఇంటి పేరూ ఎక్కింది. ఒక్క జేబు పేరు తప్ప.

పరీక్షకు ముందు అయిదు రోజులు దద్దుర్ల మందు ఆపమన్నారు. మందు లేని రోజుల్లో దిష్టి తగిలితే కష్టమని యల్లక్క స్టేజీలు చెప్పడాన్ని నిషేధించింది. ఆ అయిదు రోజులూ పాప ఒంటిమీద ఒక్క దద్దురు లేదు. "చూస్తిరా?" అని యల్లక్క కనిపించిన ప్రతివాళ్లనూ అడిగింది.

ఆరోరోజు కల్పన, ఆదినారాయణ పాపను తీసుకుని హిందూపురం వెళ్లారు. డాక్టరమ్మ దీపిక ఎడమచేతి మీద పెన్నుతో అంకెలు వేసి, ఒక్కో అంకె పక్కన ఒక్కో మందుచుక్క పెట్టి, చుక్క చుక్కకూ చిన్న మొనతో గిచ్చింది. పాలు, గుడ్డు, గోధుమ, నువ్వులు, చెనిక్కాయ, ఇంకా కొన్ని. పాప కన్నా కల్పనే ఎక్కువసార్లు ఉలిక్కిపడింది.

"పదిహేను నిమిషాలు చెయ్యి కదిలించొద్దు," అంది డాక్టరమ్మ. "పడనిదుంటే ఆ అంకె దగ్గర దోమ కుట్టినట్టు లేస్తుంది."

కల్పన పాప మణికట్టు పట్టుకుని చెనిక్కాయ అంకెనే చూస్తూ కూర్చుంది. ఆదినారాయణ ఇష్టదైవాన్ని తలుచుకున్నాడు. పది నిమిషాలకు దీపికకు విసుగు పుట్టింది. చేతిమీద వరసగా ఉన్న అంకెలు చూసింది. వరసగా ఉన్నవంటే ఆ పిల్లకు తెలిసినవి స్టేజీలే. అవ్వ దగ్గర్లో లేదు.

"ధర్మవరం," అని మొదలుపెట్టింది. "చెన్నేకొత్తపల్లి. పెనుకొండ. సోమందేపల్లి..."

ఒక్క క్షణం ఆగింది. గదిలో అందరూ తెలియకుండానే ఊపిరి బిగబట్టారు.

"...చాలకూరు. హిందూపురం!"

అని, ఖాళీగా ఉన్న కుడిచేతిని తాత ముందు చాపింది. "తాతా, ప్రైజు."

"ఏం ప్రైజు?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఏమీ లేదు డాక్టరమ్మా. చిన్నది. పిల్లల ముచ్చట," అన్నాడు ఆదినారాయణ.

"చూపించండి పెద్దాయనా."

టికెట్టు లేని ప్రయాణికులు ఎన్నోసార్లు తన ముందు జేబులు తడుముకోవడం ఆయన చూశాడు. తాను తడుముకోవడం ఇదే మొదటిసారి. సగం బద్ద జీడిపప్పు, దానికి అంటుకున్న కాస్త నూలుపోగుతో సహా, వెలుగులోకి వచ్చింది.

"మామా!" అంది కల్పన. "పుట్నాలు గదా నువ్వు పెట్టేది? ఎన్నిసార్లు పెడ్తివి ఇది?"

"ఎక్కువేం లేదమ్మా. మూడేసార్లు."

మూడు అన్న మాట ముందుగా ఆయన చెవినే పడింది. ఆయన నెమ్మదిగా స్టూలు మీద కూర్చున్నాడు.

డాక్టరమ్మ కొత్త మొన తీసింది. ఆ బద్దనే గిచ్చి, అదే మొనతో పాప చేతిమీద చివర కొత్తగా వేసిన అంకె పక్కన గిచ్చింది. మళ్లీ పదిహేను నిమిషాలు. చెనిక్కాయ అంకె దగ్గర చర్మం అద్దంలా ఉంది. చివరి అంకె దగ్గర మాత్రం ఒక బొబ్బ తాపీగా లేచి, చుట్టూ ఎర్రబడి, స్కేలు పెట్టి కొలిస్తే ఏడు మిల్లీమీటర్లు తేలింది.

"జీడిపప్పు. దగ్గరికే రానీకండి. పిస్తా కూడా వద్దు. చెనిక్కాయ తినొచ్చు," అంది డాక్టరమ్మ. పొరపాటున తింటే ఏం చేయాలో, ఊపిరి ఆడకపోతే ఎంత తొందరగా ఇంజెక్షన్ వేయించాలో కాగితం మీద రాసి, ఒక ప్రతి బడికి ఇవ్వమంది.

కల్పన ఒకేసారి ఏడ్చి, నవ్వి, భర్తకు ఫోన్ చేసింది. "చెనిక్కాయ కాదు!" అని అరిచింది. అవతల ఫ్యాక్టరీలో ఎవరో ఈల వేశారు.

తిరుగు బస్సులో సీట్లన్నీ ఖాళీ. ఆదినారాయణ సోమందేపల్లి దాకా నిలబడే వచ్చాడు.

"కూర్చో మామా."

"అలవాటు లేమ్మా."

"ఇంగ చాల్లే. జూన్‌లో పాపను బడికి నువ్వే పిలుచుకొని పో. ఆ కాగితం టీచరమ్మకు నువ్వే ఇచ్చి గట్టిగా చెప్పు. నువ్వు చెప్తే బస్సంతా వినపడేది గదా, బడికి వినపడదా?"

అప్పుడు కూర్చున్నాడు.

ఇంటికి చేరాక విచారణ పుస్తకం తెరిచి, చివరి పేజీలో తన చేత్తోనే రాసుకున్నాడు: "జీడిపప్పు, సగం బద్ద, మూడుసార్లు. పెట్టినవారు: కె. ఆదినారాయణ." గోడ అవతల నుంచి మాబున్నీ కేకేసింది.

"ఏమన్నా, దొంగ దొరికెనా?"

"దొరికె."

"ఎవురు?"

"మాజీ కండక్టరు."

మాబున్నీ నవ్వు వీధి చివరిదాకా వినిపించింది. యల్లక్క మాత్రం జీడిపప్పుకే ఎవరిదో దిష్టి తగిలిందని చివరిదాకా వాదించింది.

ఎడమ జేబు ఖాళీ అయింది. ఆ రాత్రి కన్నా మర్నాటి సాయంత్రమే ఆదినారాయణకు బరువుగా తోచింది. ఇవ్వడానికి ఏమీ లేని తాత దగ్గరికి పిల్ల ఎందుకు వస్తుంది? దీపిక వచ్చింది. ఆరు ఊళ్లూ చెప్పింది. చెయ్యి చాపింది. ఆయన దిక్కుతోచక కుడి జేబులోంచి పంచ్ తీసి, ఒక పాత కాగితంతో సహా ఆ చేతిలో పెట్టాడు. కటక్. కటక్. పాప ముఖం వెలిగిపోయింది. కాగితమంతా చిల్లులు పొడిచింది.

"జీడిపప్పు ఇయ్యలేదని కోపమా?" అని అడిగాడు తాత.

"ఊహూ. అది నోట్లో గీరుతాండె."

"మరెందుకే తింటివి?"

"నువ్వు చూస్తాంటివి గదా," అంది దీపిక, మరో చిల్లు పొడుస్తూ.

జీడిపప్పు ఆ పాపకు మొదటినుంచీ నచ్చలేదు.