ఉత్త ఫ్లాష్

దయ్యాల మాట వస్తే నవ్వేవాళ్లలో నేను మొదటివాణ్ణి. నవ్వే హక్కు నాకుందని కూడా అనుకునేవాణ్ణి, ఎందుకంటే దయ్యాలు ఎట్లా తయారవుతాయో నాకు తెలుసు. మహబూబాబాద్‌లో పద్నాలుగేళ్లుగా ఫోటో స్టూడియో నడుపుతున్నాను. ఫోన్లో తీసిన ఫోటో పట్టుకొచ్చి, "అన్నా, ఎనక గీ తెల్లగున్నది ఏందో జర సూడు" అని అడిగేవాళ్లు ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా వస్తారు. ఒకరిది లెన్స్ మీద వేలిముద్ర. ఒకరిది అగరుబత్తి పొగ. ఒకాయన చనిపోయిన తమ్ముడు కనిపిస్తున్నాడని ఏడ్చాడు. అది గోడకు వేలాడదీసిన రెయిన్ కోటు. అందరికీ చాయ్ తాగించి ధైర్యం చెప్పి పంపాను. వాళ్లు మెట్లు దిగాక నవ్వుకున్నాను కూడా.

ఇప్పుడు ఇది చదివి మీరు నవ్వినా నేను ఏమీ అనుకోను. నిజానికి ఇందులో భయం కన్నా సిగ్గు ఎక్కువ. అందుకే ఇన్నాళ్లు దాచుకున్నాను. మనుషుల పేర్లు మార్చాను. మిగతాది జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

ముందు ఉత్త ఫ్లాష్ అంటే ఏమిటో చెప్పాలి. రీలు కెమెరాల కాలంలో ఒక్కో రీలుకు ముప్పై ఆరు ఫోటోలే. పెళ్లిలోనేమో ప్రతివాళ్లకూ ఫోటో దిగాలనే ఉంటుంది. పక్కింటి పిల్లలు, బ్యాండు వాళ్లు, పెళ్లికొడుకు బావమరిది స్నేహితుడు. కాదంటే అలుగుతారు. అందుకని ఫోటోగ్రాఫర్ కెమెరా కంటికి పెట్టుకుని, ఫోటో మాత్రం తీయకుండా, ఫ్లాష్ వెనకాల ఉండే చిన్న బటన్ నొక్కేవాడు. తళుక్కుమనేది. ఎదుటివాళ్లు సంతోషంగా వెళ్లిపోయేవాళ్లు. దాన్నే మేము ఉత్త ఫ్లాష్ అనేవాళ్లం. నాకు పని నేర్పిన రాజన్న మొదటి వారంలోనే ఈ విద్య నేర్పాడు. ఆయన లెక్కలో అది మోసం కాదు, మర్యాద.

రీళ్లు పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు కార్డులో వేల ఫోటోలు పడతాయి, ఒకటి ఎక్కువ తీస్తే పోయేదేమీ లేదు. అయినా నా అలవాటు పోలేదు. పనికిరాని ఫోటోలు తర్వాత ఏరిపారేయడం ఎవరికి ఓపిక అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. అసలు సంగతి అది కాదు. ఎవరికి నిజం ఫ్లాష్ కొట్టాలో, ఎవరికి ఉత్తది కొట్టాలో వాళ్ల బట్టలు చూసి తేల్చేవాణ్ణి.

రెండేళ్ల కింద పెళ్లిళ్ల సీజన్ ముందు కొత్త కెమెరా కొన్నాను. ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్, అరవై మెగాపిక్సెళ్లు. ఫోటోలైనా వీడియో అయినా దానితోనే. మండపం అవతలి చివర నుంచి తీసి, కంప్యూటర్లో పెద్దగా చేసుకుంటే పెళ్లికూతురి ముక్కుపుడకలో రాళ్లు లెక్కపెట్టొచ్చు. ఎదుట మనిషి ఉంటే చాలు, కన్ను ఎక్కడుందో తానే వెతుక్కుని దాని మీద చిన్న చదరం గీసి పట్టుకుంటుంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, దాన్ని తినేటప్పుడు కూడా ఒంటి మీది నుంచి దించేవాణ్ణి కాదు.

ఆ ఎండాకాలం కొడకండ్లలో ఒక పెళ్లి ఒప్పుకున్నాను. భూమీ రాజకీయమూ రెండూ ఉన్న ఇల్లు. పెళ్లికూతురి తండ్రికి సర్కారు నౌకరీ. లగ్గం అయిపోయింది, మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. పెళ్లికూతురి చేతుల గోరింటాకు ఫోటోలు పూర్తి చేసుకుని భోజనాల టెంటు వైపు నడుస్తున్నాను. వంటలు చేసే చోటు పక్కన, గోడకు ఆనుకుని, చాప మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. వెలిసిపోయిన గులాబీ రంగు చీర, మెడలో నల్ల దారానికి చిన్న శిలువ. గిన్నెలు తోమడానికి వచ్చిందనుకున్నాను.

"బిడ్డా, జర నాదొక్క ఫోటో తియ్యరాదు. ఇంట్ల నాది ఒక్కటి గూడ లేదు. ఆధార్ కార్డుల సూస్తె దయ్యం లెక్క పడ్డ" అంది.

నవ్వొచ్చింది, నడక ఆపాను. ఆమె పేరు మరియమ్మ. మహదేవపూర్ దగ్గర ఒక ఊరు. పెళ్లికూతురి తండ్రి ఒకప్పుడు అక్కడ ఉద్యోగం చేశాడట. ఆ పిల్లను నాలుగేళ్లు వచ్చేదాకా ఎత్తుకుని పెంచింది తనేనట. "పొద్దుగాల సంది సూస్తున్న, పిల్లతోని దిగుదామని. స్టేజీ మీదికి పోనిస్తలేరు. పోనీ తియ్యి, నాదొక్కదాన్నన్న తియ్యి" అంది.

నాకు ఆకలిగా ఉంది. కెమెరా భుజానికి వేసుకున్న బెల్టుకు, నడుము పక్కన, లెన్స్ నేలవైపు వేలాడుతోంది. రాజన్న ఉత్త ఫ్లాష్ కొట్టినా కనీసం కెమెరా కంటిదాకా ఎత్తేవాడు. నేను అది కూడా చేయలేదు. ఫ్లాష్ తల కొంచెం ఆమె వైపు తిప్పి, "నవ్వు అవ్వా" అని వెనక బటన్ నొక్కాను. ఫోటో తీసే అసలు బటన్ అక్కడికి రెండంగుళాల దూరంలోనే ఉంది.

"వచ్చిందా బిడ్డా?" అని అడిగింది.

"మస్తుగొచ్చింది అవ్వా. స్టూడియోకొచ్చి తీస్కపో" అని విజిటింగ్ కార్డు ఒకటి చేతిలో పెట్టాను. రెండు చేతులా అందుకుని కొంగున ముడేసుకుంది. మహదేవపూర్ నుంచి మహబూబాబాద్‌కు ఈ వయసులో ఎవరొస్తారులే అనుకున్నాను. పోయి కడుపు నిండా తిన్నాను.

ఆ పెళ్లి ఫోటోలు మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చూసి, మంచివి ఏరి, ఆల్బం చేసి ఇచ్చేశాను. ఆమె సంగతి మళ్లీ గుర్తు రాలేదు.

వానలు వెనకబట్టి, పత్తి ఏరే రోజులొచ్చాయి. ఒక మధ్యాహ్నం నలభై ఏళ్లావిడ స్టూడియోలోకి వచ్చి "వందనాలన్నా" అంది. ఏమీ చెప్పకముందే టేబుల్ మీద ఒక కార్డు పెట్టింది. మూలలు నలిగిన నా కార్డే. ఆమె పేరు సునీత, మరియమ్మ కూతురు.

"మా అమ్మ మొన్న మంగళారం సచ్చిపోయింది. ఆయితారం ఆదరణ కూడిక పెట్టినం. అందరొచ్చి ప్రార్థన చేస్తరు, ముంగట ఫోటో పెట్టాలె గద. మీరు కొడకండ్ల పెండ్లిల తీసిండ్రని అమ్మ చెప్పింది" అంది.

ఆ కార్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాను. ఆమే మళ్లీ అంది. "గీ కార్డు బైబిల్ల దాసుకున్నది. తోల్కపోవే, నా ఫోటో తెచ్చుకుందామని ఎన్నిసార్లు అడిగిందో. నాట్లు అయినంక పోదాం, పత్తి అయినంక పోదామనుకుంట నేనే జరిపిన." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తప్పు చేసింది నేను, ఏడుస్తున్నది ఆమె. మూడు బస్సులు మారి వచ్చింది.

నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. అప్పటికప్పుడు ఇంకో అబద్ధం తయారు చేసుకున్నాను. వెతికినట్టు చేసి, డిస్కు పాడైంది అక్కా, ఆమెది పోయినట్టుందని చెబుదామనుకున్నాను. నమ్మకం కుదరాలని మానిటర్ కూడా ఆమె వైపు తిప్పాను. ఆ పెళ్లి ఫోల్డర్ తెరిచి గబగబా జరుపుతున్నాను.

"ఆగన్నా. అగో, ఎనకకు పో. అగో మా అమ్మ!" అంది.

తెర నిండా మరియమ్మ. అదే గోడ, అదే గులాబీ చీర, పక్కన సగం కనిపిస్తున్న వంట గుండిగ. ముందటి పన్ను ఒకటి లేని నోటితో నవ్వుతోంది. చదరం గీసి పట్టుకున్నట్టు సరిగ్గా కంటి మీద ఫోకస్ ఉంది. ఇన్నేళ్ల పనిలో అంత మంచి మొహం ఫోటో నేను తీయలేదు. అదీ తీయలేదు.

సునీత తెరను చేత్తో తడిమింది. "అమ్మ జెప్పింది నిజమేనన్నా. ఫోటో పిలగాడు నా ముంగట చాప మీద కూసోని తీసిండు, మస్తు మంచోడు అన్నది" అంది.

నేను ఆ చాప మీద కాలు కూడా పెట్టలేదు. అయినా తల ఊపాను. ఆ ఊపిన తలను తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

కూడిక నాటికి ఫ్రేమ్ కట్టించి నేనే తెస్తానని చెప్పి పంపాను. ఆమె వెళ్లగానే స్టూడియో షట్టర్ సగం దించి కూర్చున్నాను. నా చేయి అనుకోకుండా అసలు బటన్ మీద పడి ఉంటుందనుకున్నాను. ఒక్క నిమిషం ప్రాణం లేచొచ్చింది. అయితే నేను తీసినట్టే, మోసం చేయనట్టే కదా. కానీ లెన్స్ నేలవైపు ఉన్న కెమెరాకు మొహం ఎట్లా పడుతుంది? పైగా ఈ ఫోటో నడుము ఎత్తు నుంచి తీసింది కాదు. ఆమె కంటికి సమంగా, ఎదురుగా నేల మీద కూర్చున్నవాళ్లు తీసినట్టుంది.

ఆ ఫైలు వివరాలన్నీ చూశాను. నా కెమెరానే, నా లెన్సే. మధ్యాహ్నం ఒంటిగంటా పన్నెండు నిమిషాలు. దాని ముందు ఫోటో గోరింటాకు చేతులు, తర్వాతిది భోజనాల పంక్తి. మధ్యలో నంబరు వరుస ఎక్కడా తప్పలేదు. మరి ఆల్బం కోసం రెండుసార్లు చూసినప్పుడు ఇది నా కంట ఎందుకు పడలేదో తెలియదు. మిగతా రెండు వేల ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ, వెనకాలైనా, మూలకైనా, మరియమ్మ లేదు.

అప్పుడు చేయకూడని పని చేశాను. ఆమె కన్ను పెద్దగా చేసి చూశాను.

ఈ కెమెరా గొప్ప అదేనని అందరికీ చెప్పుకున్నవాణ్ణి నేనే. మంచి వెలుతురులో దగ్గర నుంచి తీస్తే, కంటి నల్లగుడ్డులో ఎదురుగా ఉన్నవన్నీ కనిపిస్తాయి. మరియమ్మ కంట్లో ఆకాశం ఉంది, టెంటు అంచు ఉంది. ఒక పక్కకు ఎర్ర చొక్కా వేసుకున్న మనిషి నిలబడి ఉన్నాడు. ఆ రోజు నేను వేసుకున్నది ఎర్ర చొక్కానే. మనిషి నడుము దగ్గర ఒక తెల్లటి చుక్క ఉంది, అది ఫ్లాష్. దాని పక్కనే లెన్స్ నేలవైపు వేలాడుతున్న కెమెరా. మొహం గుర్తుపట్టేంత లేదు, కానీ తల ఎటు తిరిగి ఉందో తెలుస్తోంది. ఆమె వైపు కాదు. భోజనాల టెంటు వైపు.

నవ్వమని చెప్పి, ఆ నవ్వు కూడా నేను చూడలేదన్నమాట.

ఆమెకు సరిగ్గా ఎదురుగా, ఫోటో తీసిన చోట ఎవరో ఒకరు ఉండాలి కదా. రెండు కళ్లూ మార్చి మార్చి చూశాను. అక్కడ ఉత్త చాపే ఉంది.

ఇది ఒక్క రాజన్నకే చూపించాను. ఆయనకిప్పుడు డెబ్బై దగ్గర పడింది. మొదట నవ్వి, "నీ ఏలు తగిలింది తియ్యిరా" అన్నాడు. కన్ను పెద్దగా చేసి చూపించాక అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. చివరికి, "నేను గిట్ల ఎంతమందికి కొట్టిన్నో రా" అన్నాడు. తెప్పించిన చాయ్ ముట్టకుండానే వెళ్లిపోయాడు.

ఆదివారం ఫ్రేమ్ తీసుకుని భూపాలపల్లి మీదుగా వాళ్ల ఊరు పోయాను. దారి పొడుగునా, ఈ రోజు చెప్పేస్తానని అనుకుంటూనే ఉన్నాను. ఫోటో బల్ల మీద పెట్టగానే ఊరి ఆడవాళ్లు చుట్టూ మూగి, "మాట్లాడేటట్టే ఉన్నది" అని ఏడ్చారు. పాస్టరు గారు నన్ను లేపి నిలబెట్టి, అమ్మ ఆఖరి కోరిక తీర్చిన సహోదరుడి కోసం ప్రార్థన చేద్దామన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేను తల దించుకున్నాను. దాన్ని కూడా వాళ్లు వినయమే అనుకున్నారు. భోజనంలో సునీత నా విస్తట్లో మరో రెండు ముక్కలు వేసి, "తినన్నా, మా అమ్మ పెట్టిందనుకో" అంది. కొడకండ్లలో నా ఆకలి గుర్తొచ్చింది. ఆ ముక్కలు విస్తట్లోనే వదిలి లేచాను, చెప్పాల్సింది చెప్పకుండానే తిరిగొచ్చాను.

ఇప్పుడు ఎవరు అడిగినా ఉత్త ఫ్లాష్ కొట్టను. ముసలివాళ్లు అడిగితే కింద కూర్చుని తీస్తాను. దాంతో పాత లెక్క సరిపోతుందని అనుకోవడం లేదు. ఆ ఫైలు ఇప్పటికీ నా దగ్గరే ఉంది, తెరిచిన ప్రతిసారీ ఆ ఎర్ర చొక్కావాడు అటే చూస్తున్నాడు. మన మాటల్లో ఫోటో తీసేవాడు తీస్తాడు, ఎదుటివాళ్లు దిగుతారు. ఇన్నేళ్లూ ఆ రెండూ ఒకటే పని అనుకున్నాను. ఆ రోజు నేను తీయలేదు. మరియమ్మ మాత్రం దిగింది.

సునీతక్కా, పేరు మార్చినా ఇది నీ గురించేనని నీకు తెలుస్తది. ఎవరన్న చదివి వినిపిస్తే నన్ను క్షమించకున్నా సరే, విను. నీ ఎదుట చెప్పే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్న. మీ అమ్మ ముంగట చాప మీద కూసోని ఆ ఫోటో తీసింది ఎవరో నాకు తెల్వదు. నేనైతే గాదు.