నాయిన ఎగిరిన పాట

ఆ రోజుల్లో పాటంటే గొంతెత్తి పాడేదని అందరూ అనుకుంటుంటే, నేను మాత్రం చెవిలో రహస్యం చెప్పినట్టు పాడేవాణ్ని. నా మొదటి సోలో ఆల్బమ్ విన్న కొద్దిమందీ (అందరూ స్నేహితులే, మొహమాటం ఉంటుంది కదా) అదేదో కొత్త శైలని మెచ్చుకున్నారు. శైలా, నా బొందా! నాయినకు నాచారం ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. ఉప్పల్‌లో మా రెండు గదుల ఇంట్లో ఆయన పగలు పడుకుంటే, నేను వంటింట్లో దుప్పటి ముసుగేసుకుని రికార్డు చేసేవాణ్ని. గొంతు కాస్త లేస్తే అమ్మ గరిటె చూపించేది. తీరా ఆల్బమ్ పూర్తయ్యాక ఫోన్ ఆయన చెవికి ఆనిస్తే, “ఏం ఇనొస్తలేదు బిడ్డా” అన్నాడు. మెషిన్ల మోతకు చెవులు ఎప్పుడో సగం పోయాయట. ఇక నాకు ఒకటే పట్టుదల, ఆయన ఒక్కసారైనా నా పాట వినాలి.

మా గల్లీలో అంత చప్పుడు చేయగలిగేది వినాయక మండపమే. ఇవాళ మండపంలో నా పాటేనని నాయినకు ముందే చెప్పి, కమిటీ అన్నను బతిమాలి, ఆయన డ్యూటీకి వెళ్లే వేళకు హారతి అయ్యాక నా ఆల్బమ్ వేయించాను. మనిషెత్తు స్పీకర్లలోంచి నా గుసగుస గల్లీ చివరిదాకా పాకింది. పులిహోర తింటున్నవాళ్లు ఆగిపోయారు. ఎదురింటి పెద్దమ్మ కొంగు సర్దుకుంటూ వచ్చి ఎవరు పోయారని అడిగింది. కమిటీ అన్న నా భుజం తట్టి, “తమ్మీ, దేవుని కాడ గీ ఏడుపేందిరా” అని తీన్‌మార్ పెట్టేశాడు. సరిగ్గా అప్పుడే వచ్చాడు నాయిన. టిఫిన్ డబ్బా నా చేతికిచ్చి, స్పీకర్ ముందు నిలబడి, డప్పుల దెబ్బకు చేతులెత్తి ఎగరడం మొదలుపెట్టాడు. ఆయన ఎగరగా నేను చూడటం అదే మొదలు. చెమట తుడుచుకుంటూ, “మస్తు గొట్టినవ్ బిడ్డా, గిప్పుడు మంచిగ ఇనొచ్చింది” అన్నాడు.

అది నాది కాదని చెప్పడానికి మంచి సమయం చూస్తూ చూస్తూ ఏళ్లు గడిపేశాను. ఈమధ్య ఆయనకు చెవి మిషన్ పెట్టించాం. ఇప్పుడు కుక్కర్ కూతలు కూడా లెక్కపెడుతున్నాడు. ఈ పని అప్పుడే చేయించి ఉంటే ఎంత బాగుండేదని ఇప్పటికీ మనసు పీకుతుంది. మొన్న ధైర్యం తెచ్చుకుని, గేటు దగ్గర కూర్చున్న ఆయన పక్కకు చేరి ఫోన్‌లో ఆల్బమ్ తీశాను. అంతలో ఆయన, పై వాటాలో కొత్తగా దిగినాయనతో, “మా పోరడు జేసిన పాటకు గల్లీ మొత్తం ఎగిరింది” అంటున్నాడు. కొత్తాయన నిజమేనా అన్నట్టు నా వైపు చూశాడు. ఫోన్ జేబులో పెట్టేసి, నెరిసిన తలను బుద్ధిగా ఊపాను.